చెరిపేసిన మాట

"మీవాళ్లలో సైంటిస్టులెవరయ్యా?" అని అడిగితే మేం అబ్దుస్ సలాం పేరు చెబుతాం. పేరు చెప్పి ఊరుకుంటే సగం చరిత్రే చెప్పినట్టు.

ఝంగ్‌లో పెరిగి, కేంబ్రిడ్జిలో చదివిన సలాం 1951లో లాహోర్ కాలేజీకి తిరిగొచ్చాడు. అక్కడ పరిశోధనకు తోడు లేదు. ఫుట్‌బాల్ జట్టును చూసుకోమన్నారు. 1954లో మళ్లీ కేంబ్రిడ్జి దారి పట్టాడు. దేశమా, సైన్సా తేల్చుకోవాల్సి రావడం ఎంత నరకమో ఆయన అనుభవించాడు. తన తర్వాతి వాళ్లకు ఆ గతి పట్టకూడదనే 1964లో ఇటలీలోని ట్రియెస్టేలో సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రం పెట్టించాడు. పేద దేశాల పరిశోధకులు కొన్నాళ్లు అక్కడ పనిచేసుకుని, మళ్లీ తమ దేశానికి, తమ విద్యార్థుల దగ్గరికి వెళ్లొచ్చు. నీదే మతం, ఏ తెగ అన్న ప్రశ్న లేదు.

ఆ ప్రశ్న ఆయన్ను సొంత దేశమే అడిగింది. సలాం అహ్మదీయుడు. 1974లో పాకిస్తాన్ రాజ్యాంగాన్ని సవరించి అహ్మదీయులు ముస్లింలు కారని తేల్చేశారు. 1979లో నోబెల్ వచ్చింది. లాహోర్‌లో తనకు లెక్కలు నేర్పిన అనిలేంద్ర గంగూలీని వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, ఆ పతకాన్ని ముసలి గురువు ముందుంచాడు. దేశ విభజన ఆ బంధాన్ని తెంచలేకపోయింది.

1996లో సలాం చనిపోయాడు. 1997లో ఇటలీ కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. రబ్వాలో సమాధిరాయి మీద 'మొదటి ముస్లిం నోబెల్ గ్రహీత' అని రాసి ఉన్నచోట 'ముస్లిం' మాటను చెరిపేశారు.

"మీరీ దేశం వాళ్లేనా?" అని అడిగితే మాకు మండుతుంది. మండాలి కూడా. కానీ దూదేకులవాణ్ణి "నువ్వు అసలు ముస్లింవేనా?" అని మేమే అడిగిన రోజున, ఆ రాయిని గీకిన చెయ్యి మాది కూడా.