పొట్టి మొలకల చరిత్ర

కవిటి, కంచిలి, సోంపేట పరిసరాలను ఉద్దానమని పిలుస్తున్నాము. ఉద్యానవనమన్న మాటే ఉద్దానమైనదని పెద్దలు చెబుతారు. తీరం వెంబడి ఇసుక నేలలో బతికే ఈ కుటుంబాలకు కొబ్బరితోటయే ఆస్తి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపాన తీరాన్ని తాకగా ఆ ఆస్తి ఒక్క పూటలో నేలకొరిగినది.

తిరిగి మొక్క నాటే రైతుకు పొడవు రకమా, పొట్టి రకమా అన్నది చిన్న ప్రశ్న కాదు. పొట్టి రకం మూడు నాలుగేళ్లకే కాపుకు వస్తుంది. పొడవు రకానికి ఆరేడేళ్లు ఆగవలెను. అయితే అది మనుమల కాలం వరకు కాస్తుంది. నేల ఒకటే, నీరు ఒకటే అయినప్పుడు ఒకటి ఆకాశానికి ఎగబ్రాకగా మరొకటి కురచగా ఎందుకు నిలిచిపోతున్నది? ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం మొదట మొక్కజొన్న మొలకలో దొరికినది. ఆ వృత్తాంతాన్ని నేడు శ్రోతలకు మనవి చేస్తాము.

మొలక కొనలో పెరుగుదలను ప్రేరేపించే పదార్థమొకటి ఉన్నదని 1926లో హాలండు దేశంలో వెంట్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించినారు. అదే తరువాత ఆక్సిన్ అని ప్రసిద్ధి కెక్కినది. పొట్టి మొక్కకు ఈ పదార్థమే కొరవడినదా? 1935లో కాలిఫోర్నియాలో వాన్ ఓవర్‌బీక్ మామూలు మొక్కజొన్న మొలకలను, పొట్టి మొలకలను పక్కపక్కన ఉంచి పరీక్షించినారు. పొట్టి మొలకలో ఆక్సిన్ త్వరగా నశిస్తున్నదని ఆయన తేల్చినారు. అయినా చిక్కు పూర్తిగా విడిపోలేదు.

విడదీసే తాళపుచెవి వేరొక చోట ఉన్నది. వరి మడిలో కొన్ని మొక్కలు అతిగా సాగి, బలహీనపడి పడిపోయే తెగులొకటి జపానులో ఉండేది. ఆ తెగులు కలిగించే బూజు విడిచే రసమే మొక్కను సాగదీస్తున్నదని 1926లో కురొసావా కనుగొన్నారు. 1935లో యబుత ఆ రసానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టినారు.

1956లో అమెరికాలో ఫిన్నీ ఆ పదార్థాన్ని పొట్టి మొక్కజొన్న మొలకలకు ఇచ్చి చూచినారు. కొన్ని పొట్టి జాతులు మామూలు మొక్కలంత ఎత్తు ఎదిగినవి. మామూలు మొక్కలలో చెప్పదగిన మార్పు లేదు. మరికొన్ని పొట్టి జాతులు మాత్రం ఏమియు చలించలేదు. దీనినిబట్టి రెండు సంగతులు తేలినవి. కొన్ని మొక్కలు తమలో ఆ పదార్థం చాలక పొట్టివైనవి. పొట్టితనమంతటికీ కారణం ఒక్కటే కాదు.

ఈ జ్ఞానం మన పొలాలకు దూరమైనది కాదు. 1966లో విడుదలైన పొట్టి వరి ఐ.ఆర్.8ను 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు పండించి పేరు పొందినారు. ఆ వరి పొట్టితనానికి కూడా జిబ్బరెల్లిన్ తయారీలోని లోపమే కారణమని 2002లో తేలినది. పొట్టి, పొడవు కొబ్బరి రకాల భేదానికి సైతం జిబ్బరెల్లిన్ తయారుచేసే జన్యువొకటి ముఖ్యమని 2021లో చైనా శాస్త్రజ్ఞులు ప్రకటించినారు.

కారణం తెలియక ముందే మనవారు ఈ భేదాన్ని వినియోగించుకొన్నారు. కవిటి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉన్న రోజులలో, 1932లో, అదే రాజధానికి చెందిన నీలేశ్వరంలో పటేలు పొడవు కొబ్బరిని పొట్టి కొబ్బరితో సంకరపరచినారు. మన కోనసీమలోని అంబాజీపేట పరిశోధన కేంద్రం తూర్పు తీరపు పొడవు రకాన్ని గంగాబొండాంతో కలిపి ‘గోదావరి గంగ’ను రూపొందించినది.

కనుక నారుమడిలో కురచ మొక్కను చూచి నేలనో నీటినో నిందించే ముందు, దాని వంశమేదో విచారించుట మేలు. తుపాను తోటను కూల్చిన తరువాత నాటే ప్రతి మొక్కతోను రైతు తన ఇంటి మరికొన్ని దశాబ్దాలను నాటుచున్నాడు.