మట్టమూ, మేస్త్రీ, సోదరత్వమూ

మా అరసవల్లి తాపీమేస్త్రీ చేతిలో మట్టం పనిముట్టు. ఫ్రీమేసన్ల లాడ్జిలో అది సమానత్వ చిహ్నం. 1717లో లండన్‌లో మహాలాడ్జిగా ఏర్పడిన ఈ సంఘం, అంతస్తునూ మతభేదాన్నీ గడప బయట విడిచి రమ్మంది. నాటి ఐరోపాలో అది ముందడుగే; నేను కాదనను. కాని 1723 నాటి దాని నిబంధనావళి బానిసకూ స్త్రీకీ ప్రవేశం లేదంది.

1872లో, బాలుడైన ఆరో నిజాం పేర, గోషామహల్ బారాదరి హైదరాబాదు మేసన్లకు దక్కింది. కుతుబ్‌షాహీల కాలంలో అంతఃపుర స్త్రీల కోసం కట్టిన మహల్ అది! అక్కడి లాడ్జిలో స్త్రీకి సభ్యత్వం లేదు. ఆ ఏడే కలకత్తాలో ప్రసన్నకుమార్ దత్తు, హిందువన్న అభ్యంతరంతో తొమ్మిదేళ్ళు పోరాడి, లాడ్జి గడప తొక్కాడు.

ఆ తరువాత ప్రధానంగా లోపలికి వెళ్ళిందెవరు? సంస్థానాధీశులు, ఉద్యోగులు, వకీళ్ళు. మట్టం పట్టే మేస్త్రీ బయటే నిలిచాడు. మాట మంచిదే, గుమ్మమే ఇరుకు. మాటను నిలుపుకొని గుమ్మాన్ని వెడల్పు చేయడమే మన పని.