ఇస్త్రీ బల్ల మన ఇంటికి ఆలస్యంగా ఎందుకొచ్చింది?

దుకాణాల్లో దొరికే ఇస్త్రీ బల్లలు దాదాపు అన్నీ ఒక్క తీరుగానే ఉంటాయి. పొడవు నాలుగడుగులు, వెడల్పు అడుగుంపావు, ఒక చివర సన్నబడి కోసుగా తేలుతుంది. మన ఇళ్లలో ఇస్త్రీకి వచ్చే బట్టలేమో అయిదున్నర మీటర్ల చీర, ఎనిమిది మూరల పంచె, మంచం నిండే దుప్పటి. మీటరు పైచిలుకు పన్నా ఉన్న చీరను ఆ బల్ల మీద పరిస్తే సగానికి పైగా కిందికి వేలాడుతుంది. ఒక వైపు రుద్దుతుంటే రెండో వైపు నలుగుతుంది. అంటే ఈ బల్ల చీర కోసం పుట్టింది కాదు. మరి దేనికోసం పుట్టింది, ఎవరి పనిని తేలిక చేయడానికి పుట్టింది అని వెతుక్కుంటూ వెళితే నాకు తోచింది ఇది: బల్లకు ఆ ఆకారం ఇచ్చింది కుట్టుబట్ట. దాన్ని ఒక ఇంట్లోకి రానిచ్చిందీ, ఇంకో ఇంటి గడప బయటే ఆపిందీ మాత్రం ఆ పని ఎవరి భుజాన పడిందన్న సంగతి. తెలుగు ఇళ్లకు ఇస్త్రీ బల్ల ఆలస్యంగా రావడానికి కరెంటు లేకపోవడం, చోటు లేకపోవడం, డబ్బు లేకపోవడం అని మామూలుగా చెబుతుంటారు. ఆ మూడింటికీ ఎంతో కొంత పాత్ర ఉంది గానీ అవి అసలు కారణాలు కావు.

బట్ట ముడత తీయడానికి వేడి ఒక్కటే దారి కాదు, బల్ల తప్పనిసరీ కాదు. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో స్కార్ అనే చోట 1991లో తవ్విన వైకింగుల పడవ సమాధిలో తిమింగలం ఎముకతో చెక్కిన పలక ఒకటి దొరికింది. నార్వేలోనూ ఇలాంటివి బయటపడ్డాయి. వాటి మీద నారబట్ట పరిచి గాజుగుండుతో రుద్ది నునుపు చేసేవారని పండితుల అభిప్రాయం. అమెరికాలోని బోస్టన్ లలితకళల మ్యూజియంలో, చైనా చక్రవర్తి హుయిజోంగ్ వేసినదిగా చెప్పే 12వ శతాబ్దపు చిత్రం ఉంది. అందులో ఇద్దరు స్త్రీలు పట్టుబట్టను చెరో కొసా పట్టుకుని బిగలాగితే ఇంకొకరు నిప్పులు నింపిన పిడిమూకుడుతో దాని మీద ఇస్త్రీ చేస్తుంటారు. కింద ఏ ఆధారమూ లేదు. మన తీరంలోనైతే 17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నం నుంచీ, నరసాపురం పక్కన ఇంగ్లీషు కంపెనీ కోఠీ ఉన్న మాధవాయపాలెం నుంచీ ఓడలెక్కిన నూలుబట్ట మగ్గం దిగినట్టే వెళ్లిపోయేది కాదు. దాన్ని ఉతికి, ఎండలో తెల్లబరిచి, బియ్యపు గంజి పెట్టి, కొయ్య సుత్తులతో బాది చదును చేసేవారు. మెరుపు కావలసిన అద్దకపు బట్టనైతే శంఖంతోనో నున్నటి రాయితోనో రుద్దేవారు. సరుకు నాణ్యత సగం నేతగాడి చేతిలో ఉంటే సగం ఈ చాకలి చేతిలో ఉండేది. ఇన్ని దేశాల్లో, ఇన్ని కాలాల్లో బట్ట ఒక్కటే తీరు: కుట్టు లేని, చదునైన నిడివి. దానికి నేల చాలు, బండ చాలు, గాలిలో బిగలాగినా చాలు.

చిక్కంతా కుట్టుబట్టతో వచ్చింది. చొక్కా చేతిని రెండు పొరలుగా పరిచి నొక్కితే అంచు వెంట అక్కరలేని గీత పడుతుంది. భుజం, చంక, నడుము దగ్గర బట్ట గుండ్రంగా తిరుగుతుంది, ఎంత సర్దినా చదునుగా పడుకోదు. దాని లోపలికి దూరే సన్నటి ఆధారం ఒకటి కావాలి. 19వ శతాబ్దపు అమెరికా ఇళ్లలో రెండు కుర్చీల మధ్య ఒక పలక వేసి, దానికి కంబళి చుట్టి ఈ అవసరం గడుపుకునేవారు. 1858లో విలియం వాండెన్‌బర్గ్, జేమ్స్ హార్వీ అనే ఇద్దరు ఇస్త్రీ బల్లకు పేటెంటు పొందారు. తరువాతి దశాబ్దాల్లో మడిచే బల్లలకు వరసగా పేటెంట్లు వచ్చాయి. ఇస్త్రీ బల్లను సేరా బూన్ కనిపెట్టారని తరచూ రాస్తుంటారు. తేదీలు చూస్తే అది నిజం కాదని తెలుస్తుంది. అయితే ఆమె చేసిన పని విలువ అంతమాత్రాన తగ్గదు. నార్త్ కరోలినాలో బానిసత్వంలో పుట్టి, అంతర్యుద్ధానికి ముందే కనెటికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్ చేరుకుని, దుస్తులు కుట్టి బతికిన నల్లజాతి స్త్రీ ఆమె. నలభై దాటాక చదవడం, రాయడం నేర్చుకున్నారు. 1892 ఏప్రిల్ 26న ఆమెకు 473,653 నంబరు పేటెంటు వచ్చింది. ఆమె బల్ల సన్నగా ఉంటుంది, అంచులు వంపు తిరిగి ఉంటాయి. ఆనాటి ఆడవాళ్ల దుస్తుల చేతికి లోపలి కుట్టు ఒక తీరుగా, బయటి కుట్టు ఇంకో తీరుగా వంగుతుంది. బల్ల అంచుల వంపు ఆ కుట్ల వంపుకు సరిపోతుంది. తిప్పి వేసుకోవచ్చు, మడిచి దాచుకోవచ్చు, పైన మెత్త ఉంటుంది. బట్టను కత్తిరించి కుట్టిన చేతులకే తట్టే ఆలోచన అది. ఇవాళ్టి బల్ల చివర కోసులో మనం చూస్తున్నది కూడా ఆ చొక్కా చేయీ, ఆ భుజమూనే.

కరెంటు వచ్చాకే కదా ఇంటింటా ఇస్త్రీ మొదలైంది, బల్ల దాని వెంటే వచ్చి ఉంటుంది అని ఎవరైనా అనవచ్చు. హెన్రీ సీలీ 1882లోనే విద్యుత్ ఇస్త్రీపెట్టెకు పేటెంటు పొందారు గానీ, ఇళ్లకు కరెంటే లేని రోజుల్లో దాన్ని వాడేదెవరు? కాలిఫోర్నియాలోని ఆంటారియో అనే ఊళ్లో విద్యుత్ కేంద్రం చూసుకునే ఎర్ల్ రిచర్డ్‌సన్ 1905 ప్రాంతంలో ‘హాట్‌పాయింట్’ పెట్టెను అమ్మకానికి తెచ్చారు. ఆ కేంద్రం అంతదాకా రాత్రి దీపాలకే కరెంటు ఇచ్చేది. సోమవారం ఉతుకు, మంగళవారం ఇస్త్రీ అన్నది అక్కడి ఇళ్ల ఆనవాయితీ కనుక, మంగళవారాలు పగలు కూడా యంత్రాలు నడిపేలా ఆయన ఒప్పించాల్సి వచ్చింది. అప్పటికి వాండెన్‌బర్గ్ బల్ల వచ్చి దాదాపు 50 ఏళ్లు, బూన్ బల్ల వచ్చి 13 ఏళ్లు. పొయ్యి మీద కాచిన ఇనప దిమ్మలతోనే ఆ బల్లల మీద పని జరిగింది. అయోవా రాష్ట్రానికి చెందిన మేరీ ఫ్లారెన్స్ పాట్స్ 1871లో ఊడదీసే పిడికి పేటెంటు తీసుకోవడంతో ఒక దిమ్మ వాడుతుండగా మిగతావి పొయ్యి మీద కాగేవి, పిడి చేయి కాల్చేది కాదు. కరెంటు లేని రోజుల్లో మన ఊళ్లలోనూ బొగ్గుల పెట్టె ఉండేది కదా. పెట్టె ఉండీ ఇంట్లో బల్ల లేదంటే కారణం ఇంకెక్కడో వెతకాలి.

ఆ పని ఎవరిది అన్న దగ్గర అది దొరుకుతుంది. అంతర్యుద్ధం తరువాత అమెరికా దక్షిణాదిన తెల్లవాళ్ల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసింది నల్లజాతి స్త్రీలు. మూటలు తమ ఇళ్లకు తెచ్చుకుని చేసేవారు. 1881 జులైలో అట్లాంటాలో 20 మంది కలిసి పెట్టుకున్న సంఘం మూడు వారాల్లో 3,000 మందికి పెరిగింది. 12 పౌండ్ల బట్టలకు ఒక డాలరు చొప్పున అందరికీ ఒకే కూలి కావాలని వాళ్లు సమ్మె కట్టారు. 20వ శతాబ్దంలో పనిమనుషులు దొరకడం తగ్గేకొద్దీ ఆ పని మధ్యతరగతి ఇల్లాలి చేతికి మారింది. కరెంటు పెట్టె ఈ మార్పును వేగిరపరిచింది, ఆ మేరకు ఒప్పుకోవాలి. 1920లలో కట్టిన ఎన్నో అమెరికా ఇళ్ల వంటగదుల్లో, గోడలో అల్మరాలోకి మడిచి పెట్టే ఇస్త్రీ బల్ల ఉండేది. ఇల్లు కట్టేటప్పుడే బల్లకు చోటు వదిలారంటే, ఇస్త్రీ ఇంటి లోపలే జరిగే పనిగా స్థిరపడిపోయిందన్నమాట.

తెలుగునాట ఆ పని గడప దాటి లోపలికి రాలేదు. ఊళ్లో ఏ రజక కుటుంబం ఏ ఇళ్లకు ఉతకాలో ముందే పంపకం జరిగి ఉండేది. మాసిన బట్టల మూట రేవుకు వెళ్లేది. చౌడు పట్టించి, ఉబ్బ వేసి, బండ మీద ఉతికి, గంజీ నీలిమందూ పెట్టి, మడతలు వేసి తెచ్చి ఇచ్చేవారు. ఏది ఎవరింటి బట్టో తెలియడానికి అంచున నల్లజీడి గుర్తు ఉండేది. ప్రతిఫలం చాలావరకు డబ్బు కాదు. కళ్లంలో కొలిచిన గింజలు, ఇంటింటా పెట్టిన అన్నం. బొగ్గుల పెట్టె వచ్చాక ఇస్త్రీ కూడా ఈ వరసలోనే కలిసిపోయింది. అయిదారు కిలోల పెట్టె, లోపల కణకణలాడే నిప్పులు, కింద వెడల్పాటి బల్ల, దాని మీద మడతలుగా కంబళి, పైన పాత దుప్పటి. ఆ బల్ల వెడల్పు వృత్తి నేర్పిన వెడల్పు. చీర, పంచె, దుప్పటి పరుచుకోవడానికి ఎంత కావాలో అంత. మన బట్టకు తగిన ఇస్త్రీ బల్లను మనవాళ్లు తయారు చేసుకోలేదనడం తప్పు. తయారు చేసుకున్నది ఆ పని చేసినవాళ్లు. అది వాళ్ల ఇళ్లలోనే ఉండిపోయింది, చేయించుకున్నవాళ్లకు దాని అవసరమే రాలేదు.

ఈ ఏర్పాటును పల్లె జీవితంలోని పరస్పర సహకారంగా మెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజాం ఏలుబడిలోని తెలంగాణను చూస్తే ఆ మాట అనడం కష్టం. అక్కడ దొరల ఇళ్లకూ, ఊరికొచ్చే అధికారులకూ రజకులు కూలి లేకుండా వెట్టిచాకిరి చేయాలి. పాలకుర్తి చాకలి ఐలమ్మ 1940లలో విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తను పండించిన పంటను దక్కించుకోవడం సాయుధ పోరాట చరిత్రలో అంత పెద్ద ఘట్టం కావడానికి ఒక కారణం ఇదే: బట్టలు ఉతకాల్సిన కులంలో పుట్టిన మనిషి సొంతంగా సాగు చేసుకోవడమే పెత్తందారు ఓర్చుకోలేకపోయాడు. ఒకరి శ్రమ కులం పేరుతో చౌకగా, ఒక్కోచోట ఉచితంగా అందుతున్నప్పుడు ఆ శ్రమను తేలిక చేసే సామాను కొనాలని ఎవరికి తోస్తుంది?

చోటు మాట, డబ్బు మాట కూడా చూద్దాం. మడిచిన బల్ల తలుపు వెనక నిలబడుతుంది, దానికి పట్టే చోటు కొన్ని అంగుళాలు. పేదింటికి అదీ బరువే, కాదనను. అయితే రేడియో, కుట్టుమిషను, గ్రైండరు ఒకదాని తరువాత ఒకటి కొనుక్కున్న ఇళ్లలో కూడా ఇస్త్రీ బల్ల కనిపించేది కాదు. అవసరం పడితే మంచం మీదో బల్ల మీదో దుప్పటి మడిచి వేసుకునేవారు, మిగతాదంతా వీధిలోని ఇస్త్రీ బండికి వెళ్లేది. అదే కుటుంబాల నుంచి అమెరికా వెళ్లి స్థిరపడినవాళ్ల ఇళ్లలో ఈ బల్ల మామూలు సామాను. అక్కడ వీధి మొదట్లో ఇస్త్రీ బండి లేదు. జతకింతని ఇచ్చి చేయించుకోవాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. వేసుకునే బట్టలు కొంత మారిన మాట నిజమే, కానీ పెళ్లికీ పండక్కీ చీర చీరగానే ఉంది. ముఖ్యంగా మారింది పనిచేసే చేయి.

ఇక్కడ మాత్రం ప్రభుత్వాలు కూడా ఇస్త్రీని ఇప్పటికీ ఇంటి బయటి వృత్తిగానే లెక్కిస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన జగనన్న చేదోడు పథకం కింద దర్జీలతో, నాయీబ్రాహ్మణులతో పాటు దుకాణాలున్న రజకులకు ఏటా 10,000 రూపాయలు ఇచ్చారు. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి దోబీఘాట్లకు, లాండ్రీలకు నెలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్ ప్రకటించారు. మరి ఇంట్లో బల్ల కొనుక్కుంటే ఆ బండివాళ్ల పొట్ట కొట్టినట్టు కాదా? ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయలేను. వేలాది కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి. అయినా ఒక వృత్తికి అండ కావలసింది న్యాయమైన రేటు, నిలబడటానికి నీడ, పొగ లేని పెట్టె. జనానికి తమ చొక్కా తాము ఇస్త్రీ చేసుకోవడం చేతకాకపోవడం దానికి అండ కాదు. గంజి పెట్టిన నేత చీర, జరీ పట్టు చీర, పెద్ద దుప్పటి ఎలాగూ ఆ వెడల్పాటి బల్లకూ, ఆ అనుభవమున్న చేతికీ వెళ్లాల్సినవే. వాటికి ఇచ్చే డబ్బు దగ్గర గీచి గీచి బేరమాడకపోతే చాలు.

బల్ల కొనదలచినవాళ్లు కంపెనీ పేరు కన్నా ముందు తమ బీరువా చూసుకోవాలి. చొక్కాలు, కుర్తాలు, రవికెలు ఎక్కువైతే ఆ కోసు పనికొస్తుంది. రవికె చేతుల కోసం పైన పెట్టుకునే చిన్న చేతిబల్ల కూడా ఉంటే ఇంకా మేలు. చీరలే ఎక్కువైతే కొంత లెక్క వేసుకోవాలి. మీటరు పైచిలుకు పన్నాను నాలుగు మడతలు వేస్తే 30 సెంటీమీటర్ల లోపు వస్తుంది కనుక 38 సెంటీమీటర్ల బల్ల మీద పడుతుంది. పలచటి సింథటిక్ చీరకు అది సరిపోతుంది. గంజి నూలు చీరకైతే లోపలి మడతలకు వేడి అందదు. దానికి భోజనాల బల్ల మీద కంబళి పరిచి, పైన నూలు దుప్పటి వేసుకోవడమే నయం. ఆవిరి పెట్టె వాడేవాళ్లు పైభాగం జల్లిరేకుతో ఉన్నది తీసుకోవాలి. మూసిన చెక్క మీద ఆవిరి దిగే దారి లేక మెత్త చెమ్మగిల్లి బట్టకు తడి అంటుకుంటుంది. తొడుగు నూలుదై, వేడి తట్టుకునేదై ఉండాలి. పెట్టె మీద మూడు చుక్కల దగ్గర వేడి 200 డిగ్రీల దాకా వెళుతుంది, రెండు చుక్కల దగ్గర 150, ఒక చుక్క దగ్గర 110. నున్నటి టైల్స్ నేల మీద కాళ్లకు రబ్బరు తొడుగులు లేని బల్ల ప్రమాదం. అన్నిటికన్నా ముందు ఎత్తు చూడాలి. నిలబడి పెట్టె పట్టుకుంటే మోచేయి హాయిగా వంగాలి, భుజం పైకి లేవకూడదు, నడుము వంగకూడదు. ఒకే ఎత్తులో బిగించిన చవక బల్ల ఇంట్లో ఒక్కరి నడుముకే సరిపోతుంది. మిగతావాళ్లు ఆ పనికి చేయి కలపకపోవడానికి అదే సాకవుతుంది.