తుపాను మండలాల్లో ఇంటి సోలార్: పెట్టించుకునే ముందు చూసుకోవలసినవి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీర మండలాల్లో ఈ మధ్య రైతులు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "డాబా మీద సోలార్ పెట్టించుకుంటే తుపాను వచ్చినప్పుడు ఇంట్లో కరెంటు ఉంటుందా?" సూర్యఘర్ పథకం కింద మామూలుగా బిగించే సిస్టమ్‌తో ఉండదు. వీధిలో కరెంటు పోయిన క్షణమే మీ ఇంటి మీది సోలార్ కూడా ఆగిపోతుంది. మిట్ట మధ్యాహ్నం ఎండ కాస్తున్నా అంతే. అమ్మేవాళ్ళలో చాలామంది ఈ మాట ముందుగా చెప్పరు, అందుకే దీంతోనే మొదలుపెడుతున్నాను.

ఎందుకు ఆగిపోతుంది?

సబ్సిడీతో వచ్చే సిస్టమ్‌ను ఆన్‌గ్రిడ్ అంటారు. ఇందులో బ్యాటరీ ఉండదు. పలకల్లో పుట్టిన కరెంటు ఇన్వర్టర్ ద్వారా ఇంటి వాడకానికి పోతుంది, మిగిలింది మీటరు గుండా వీధి లైనులోకి పోతుంది. లైనులో కరెంటు లేనప్పుడు మీ పలకల నుంచి అందులోకి పోతే, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. అందుకే లైను చచ్చిన వెంటనే ఇన్వర్టర్ తనంతట తాను ఆగేలా తయారుచేస్తారు. అది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. దాన్ని తప్పించి చూపిస్తామని ఎవరైనా మెకానిక్ చెబితే ఒప్పుకోవద్దు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు భోగాపురం, పూసపాటిరేగ వైపు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఏం జరిగిందో మీకు చెప్పనక్కర్లేదు. స్తంభాలు వరసగా పడిపోయాయి. చాలా ఊళ్ళకు కరెంటు తిరిగి రావడానికి రోజులకు రోజులు పట్టింది. సెల్ చార్జింగ్ కోసం జనరేటర్ల దగ్గర బారులు తీరారు. తిండిగింజలకంటే ముందు నీళ్ళకే కటకట వచ్చింది, మోటారు తిరగకపోతే ట్యాంకు నిండదు కదా. అలాంటి వారం రోజులకు ఆన్‌గ్రిడ్ సోలార్ మీకు అక్కరకు రాదు. అది బిల్లు తగ్గించే వస్తువు. ఆ లెక్కలోనే దాన్ని చూడాలి.

ముందు మీ బిల్లు చూడండి

సబ్సిడీ ఒక కిలోవాటుకు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు లేదా అంతకు మించితే 78 వేల రూపాయలు. సిస్టమ్ బిగించి, నెట్ మీటరు పెట్టాక మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఒక కిలోవాటు మంచి ఎండలో రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. వానాకాలం తగ్గుతుంది కాబట్టి, ఏడాది మొత్తం మీద నెలకు 110 యూనిట్లు అనుకోండి.

ఇది రాసే నాటికి మన ఇళ్ళ కరెంటు స్లాబు ధరలు ఇవి: మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు. నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ ఉన్న ఇంటికి నెలకు 60 యూనిట్లు కాలితే, యూనిట్ల ఖరీదు 147 రూపాయలే. సబ్సిడీ పోను ఒక కిలోవాటుకు మీ చేతి నుంచి 35 వేలు పెడితే, ఆ డబ్బు తిరిగి రావడానికి 20 ఏళ్ళు పడుతుంది. ఈ ఇంటికి ఆన్‌గ్రిడ్ సోలార్ పెట్టించుకోమని నేను చెప్పను.

ఫ్రిజ్, ఇంటి బోరు మోటారు, వేసవిలో కూలర్ ఉండి నెలకు 200 యూనిట్లు కాలే ఇల్లు వేరు. యూనిట్లకే 867 రూపాయలు అవుతుంది. ఒక కిలోవాటు పెడితే 90 యూనిట్లకు దిగుతుంది, ఖరీదు 260 దగ్గర ఆగుతుంది. పై స్లాబులో ఖరీదైన యూనిట్లే ముందు తగ్గుతాయి కాబట్టి నెలకు 600 మిగులుతాయి, ఐదేళ్ళకు పెట్టుబడి తిరిగొస్తుంది. బిల్లులో స్థిర చార్జీలు మాత్రం తగ్గవు. ఇలాంటి ఇంటికి ఒకటి, మహా అయితే రెండు కిలోవాట్లు చాలు. మూడు కిలోవాట్లకు సబ్సిడీ ఎక్కువని మూడు పెట్టించుకోవద్దు. మీరు వాడని యూనిట్ల మీద లాభం లెక్క వేసుకోవద్దు.

ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం ఉంది, ప్రభుత్వమే ఉచితంగా రెండు కిలోవాట్ల పలకలు పెట్టే కార్యక్రమం కూడా ఉంది. ఆ కుటుంబాలవారు సొంత డబ్బు, అప్పు పెట్టే ముందు సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్‌ను అడిగి తెలుసుకోవాలి.

తుపాను రోజుల కోసం చిన్న సెట్

చీకటి, ఫోను, గాలి. ఈ మూడింటికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. 100 వాట్ల పలక ఒకటి, 12 వోల్టుల 40 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ, చార్జ్ కంట్రోలర్, మూడు 5 వాట్ల డీసీ బల్బులు, ఒక చిన్న డీసీ ఫ్యాను, ఫోను చార్జింగ్ పిన్ను. 15 వేలకు అటూ ఇటూగా వస్తుంది. వీధి లైనుతో దీనికి సంబంధం లేదు కాబట్టి స్తంభాలు పడినా పనిచేస్తుంది.

వాడకం లెక్క చూడండి. మూడు బల్బులు ఐదు గంటలు వెలిగితే 75 వాట్ అవర్లు. నాలుగు ఫోన్లకు 50 పట్టవచ్చు. నిండిన బ్యాటరీలో 480 ఉంటుంది. అంటే ఫ్యాను ఆపేస్తే ఎండ లేకపోయినా మూడు రాత్రులు గడుస్తాయి. ఫ్యాను రాత్రంతా తిప్పితే ఒకటిన్నర రాత్రికే ఖాళీ. తుపాను తర్వాత ఒకటి రెండు రోజులు మబ్బు ఉంటుంది, దాన్ని దృష్టిలో పెట్టుకుని వాడుకోవాలి. ఈ పలకను శాశ్వతంగా బిగించవద్దు. బోల్టులు విప్పితే ఊడి వచ్చేలా పెట్టించుకుని, తుపాను హెచ్చరిక రాగానే ఇంట్లోకి తెచ్చుకోండి. రేకుల ఇళ్ళకు, పెంకుటిళ్ళకు కూడా ఇదే సరిపోతుంది.

ఆన్‌గ్రిడ్‌తో పాటు బ్యాటరీ కూడా ఉండే హైబ్రిడ్ సిస్టమ్‌లు ఉన్నాయి. కరెంటు పోయినా అవి ఇంటిని నడుపుతాయి. బ్యాటరీకి మాత్రం సబ్సిడీ లేదు. కోళ్ళ షెడ్డు, పాల వ్యాపారం, రొయ్యల చెరువు ఉన్నవాళ్ళు ఆలోచించవచ్చు.

నీళ్ళ సంగతి ఊరంతా కలిసి చూసుకోవాలి. కిడ్నీ జబ్బుల భయంతో ఉద్దానంలో శుద్ధి చేసిన నీళ్ళ మీదే బతికే ఇళ్ళు ఎక్కువ. కరెంటు పోతే ఆ ప్లాంటు ఆగుతుంది. మీ ఊళ్ళో ఎవరి పొలంలోనైనా సోలార్ పంపుసెట్ ఉంటే, అది లైను మీద ఆధారపడదు. ఎండ రాగానే తిరుగుతుంది. ఆ నీళ్ళు కనీసం వాడకానికీ పశువులకూ పనికొస్తాయి. ఆ రైతుతో సెప్టెంబరులోనే మాట్లాడి పెట్టుకోండి.

బిగింపులో రాజీ పడవద్దు

మన తీరంలో కట్టడాలను గంటకు 180 కిలోమీటర్ల గాలిని దృష్టిలో పెట్టుకుని కట్టాలి. హుద్‌హుద్ గాలి ఇంచుమించు అంతే. కింద నడవడానికి వీలుగా పలకలను నిలువెత్తు స్టాండు మీద పెట్టించుకోవడం ఇప్పుడు చాలామందికి ఇష్టంగా ఉంది. చూడటానికి బాగుంటుంది, కానీ గాలికి అది తెరచాపే. తీరానికి దగ్గరి ఊళ్ళలో పలకలు స్లాబుకు తక్కువ ఎత్తులో, దక్షిణానికి కొద్ది వాలుతో ఉండాలి. పిట్టగోడ అంచున పెట్టకూడదు, గాలి పైకి లేపేది అక్కడే. సిమెంటు దిమ్మెలు ఊరికే స్లాబు మీద పెట్టి వదిలేస్తే ఒప్పుకోవద్దు. స్లాబులోకి యాంకర్ బోల్టులు దిగాలి, ఆ రంధ్రాల చుట్టూ నీరు దిగకుండా పూత వేయాలి. పాత స్లాబుకు పెచ్చులూడుతూ ఉంటే ముందు ఇంజినీరుకు చూపించండి.

ఉప్పు గాలికి మామూలు ఇనుము రెండు మూడేళ్ళలో తినేస్తుంది. ఫ్రేముకు జింకు పూత, బోల్టులకు స్టెయిన్‌లెస్ స్టీలు ఉండాలని కొటేషన్‌లోనే రాయించుకోండి.

కొబ్బరి చెట్టు విషయం వేరే చెప్పాలి. ఒక మట్ట నీడ ఒక పలక మీద పడినా, దానితో వరసగా కలిపిన మిగతా పలకల ఉత్పత్తి కూడా పడిపోతుంది. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా నీడ పడని చోటు ఉందో లేదో డిసెంబరులో చూడండి, ఆ నెలలో నీడ పొడవుగా ఉంటుంది. నీడ కోసం కాసే చెట్టు కొట్టుకోవడం నష్టమే. చోటు లేకపోతే సోలార్ వద్దనుకోండి.

పోర్టల్‌లో నమోదైన విక్రేత దగ్గరే తీసుకోవాలి, లేకపోతే సబ్సిడీ రాదు. పలకలు దేశంలో తయారైన సెల్‌లతో చేసినవై ఉండాలి. ఐదేళ్ళ నిర్వహణ విక్రేత బాధ్యత, దాన్ని కాగితం మీద తీసుకోండి. మొత్తం సొమ్ము ముందే ఇచ్చేయవద్దు. మీటరు బిగించేదాకా కొంత మీ దగ్గరే ఉంచుకోండి. మూడు కిలోవాట్ల వరకు ప్రభుత్వ బ్యాంకులు తాకట్టు లేకుండా అప్పు ఇస్తున్నాయి.

హెచ్చరిక వచ్చిన రోజు, తుపాను వెళ్ళిన రోజు

హెచ్చరిక రాగానే ట్యాంకులు, బిందెలు నింపండి. ఫోన్లు, బ్యాటరీ నిండా చార్జి చేయండి. డాబా మీది కర్రలు, రేకులు, డ్రమ్ములు కిందికి దించండి, పలకలను పగలగొట్టేవి ఎక్కువగా అవే. తర్వాత ఇన్వర్టర్ దగ్గర ఏసీ స్విచ్, డీసీ స్విచ్ రెండూ ఆపండి.

తుపాను తర్వాత పలక పగిలి వేలాడుతున్నా పగటిపూట దానిలో కరెంటు పుడుతూనే ఉంటుంది. స్విచ్ ఆపామని తీగలు పట్టుకోకూడదు. పిల్లల్ని డాబా ఎక్కనివ్వద్దు. నీళ్ళు ఆరాక విక్రేత మనిషిని పిలిపించి చూపించాకే మళ్ళీ ఆన్ చేయాలి. బీమా ఉంటే ముట్టుకోకముందే ఫోటోలు తీసి పెట్టుకోండి. అద్దెకు తెచ్చిన జనరేటర్‌ను ఇంటి ప్లగ్గులో గుచ్చి వాడవద్దు, ఆ కరెంటు మీటరు దాటి లైనులోకి పోతుంది. వైరు తెగి పడినా, స్తంభం ఒరిగినా దగ్గరికి వెళ్ళకుండా 1912కు ఫోను చేసి చెప్పండి. ఫోన్లు పనిచేయకపోతే సచివాలయానికి మనిషిని పంపండి.