ముదిరిన శుక్లానికి ఏ లెన్సు?

ధర్మవరంలో పట్టుచీర నేసే నేతన్నకు పడుగు మూరెడు దూరంలో ఉంటుంది. పోగు తెగితే కన్ను వెతికి పట్టాలి, వేళ్లు ముడెయ్యాలి. శుక్లం కమ్మితే మగ్గం ఆగిపోతుంది.

‘ఇంకా ముదరనీ, అప్పుడు తీయిద్దాం’ అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. అది పాత ఆపరేషన్ నాటి మాట. అప్పట్లో కంటి కటకాన్ని పొరతో సహా తీసేసేవారు, లోపల ఏమీ పెట్టేవారు కాదు. ఆ తర్వాత సోడాబుడ్డి అద్దాలే దిక్కు.

ఆ లోటు తీర్చే దారి చూపినవాడు లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల పైకప్పు ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నాయి. ఆ యాక్రిలిక్ ముక్కలను కన్ను సహించడం ఆయన గమనించాడు. అదే రకం ప్లాస్టిక్‌తో లెన్సు చేయించి, 1949 నవంబర్ 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో తొలిసారి అమర్చాడు. తోటి వైద్యులు చాలాకాలం ఒప్పుకోలేదు, తర్వాత అదే మామూలు పద్ధతి అయింది.

పుట్టపర్తిలో 1991 నవంబర్ 22న ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించిన ఆసుపత్రి ధర్మవరం ప్రాంతానికి పెద్ద అండ. అక్కడ కంటి వైద్యమూ ఉచితమే. 1992లో మదురైలో మొదలైన ఆరోల్యాబ్, దిగుమతి లెన్సు ధరలో కొద్దిపాటికే లెన్సులు తయారుచేసి పేదలకు అందుబాటులోకి తెచ్చింది.

శుక్లం బాగా ముదిరి గట్టిపడితే, ఫేకో పద్ధతిలో దాన్ని పగలగొట్టడానికి ఎక్కువ అల్ట్రాసౌండ్ శక్తి కావాలి. దాంతో కార్నియా లోపలి కణాలు దెబ్బతినొచ్చు. అందుకే చాలాసార్లు సుమారు 6 మిల్లీమీటర్ల సొరంగం లాంటి కోతతో, కుట్లు లేకుండా, శుక్లాన్ని ముక్కలు చేయకుండా తీస్తారు. ఆ దారిలో మడవలేని గట్టి లెన్సు కూడా చక్కగా పడుతుంది. మడత లెన్సుకు 3 మిల్లీమీటర్ల లోపు కోత చాలు. చౌకైన గట్టి లెన్సు తక్కువరకం కాదు, అదీ స్పష్టమైన చూపే ఇస్తుంది.

సాధారణ లెన్సు ఒక్క దూరానికే చూపు నిలుపుతుంది. నేతన్న అడిగితే మగ్గం దూరానికి తగ్గ పవర్ పెట్టవచ్చు, దూరపు చూపుకు అద్దాలు వాడుకోవచ్చు. పెనుకొండ హైవే మీదుగా రాత్రిళ్లు లారీ తోలేవారికి, హిందూపురం మార్కెట్‌కు సరుకు చేర్చేవారికి దూరపు చూపు ముఖ్యం. దగ్గరికీ దూరానికీ చూపునిచ్చే మల్టీఫోకల్ లెన్సుతో ఎదురు లైట్ల చుట్టూ వలయాలు కనబడొచ్చు. షుగర్‌తో రెటీనా దెబ్బతిన్నవారికి అది సాధారణంగా తగదు. ముదిరిన శుక్లం వెనుక రెటీనా కనబడదు కాబట్టి ముందు స్కాన్ చేయించాలి.

శుక్లం ముదిరేదాకా ఆగకండి. లెన్సు ధర అడగడానికి ముందు, మీ కళ్లు రోజంతా చేసే పనేమిటో డాక్టరుకు చెప్పండి.