జంషెడ్‌పూర్ తేనెపిట్టలు

తేనెపిట్ట పువ్వుల్లోని మకరందం తాగి బతికే చిన్న పక్షి. జార్ఖండ్‌లోని ఉక్కునగరం జంషెడ్‌పూర్‌లో ఊదా తేనెపిట్ట అనే జాతి జూబిలీ పార్కు పూలమొక్కల మీద, కదమా, సోనారీ ఇళ్ల పెరటి మందారాల మీద కనిపిస్తుంది. పొడవు పది సెంటీమీటర్లు, బరువు పది గ్రాములు మించదు. వంపు తిరిగిన సన్నటి ముక్కునూ, ఎండలో తళుక్కుమనే నీలి ఊదా రంగునూ చూసి చాలామంది దీన్ని హమ్మింగ్‌బర్డ్ అనుకుంటారు. హమ్మింగ్‌బర్డ్‌లలో దాదాపు 360 జాతులున్నా, ఈనాడు అవన్నీ అమెరికా ఖండాల్లోనే ఉన్నాయి.

రెండింటికీ చుట్టరికం చాలా దూరం. తేనెపిట్ట పిచ్చుకలు, కాకులు ఉండే పెద్ద వంశానికి చెందింది. హమ్మింగ్‌బర్డ్‌కు దగ్గరి బంధువులు స్విఫ్ట్ పక్షులు. మకరందం మీద ఆధారపడటం వల్ల రెండు వేర్వేరు వంశాలు పైకి ఒకేలా కనిపించే ముక్కునూ నాలుకనూ సంపాదించుకున్నాయి. ఇంతకంటే విచిత్రం మరొకటి ఉంది. సుమారు మూడు కోట్ల ఏళ్ల నాటి హమ్మింగ్‌బర్డ్ శిలాజాలు జర్మనీలో దొరికాయని 2004లో శాస్త్రవేత్త గెరాల్డ్ మేయర్ ప్రకటించారు. అంటే ఒకప్పుడు ఐరోపాలోనూ అవి తిరిగాయి, ఆ తర్వాత అక్కడ అంతరించాయి.

హమ్మింగ్‌బర్డ్ రెక్కను పైకి ఎత్తేటప్పుడు కూడా గాలి ఆసరా పొందుతుంది. దాని బరువులో నాలుగో వంతును ఆ ఎత్తు కదలికే మోస్తుందని 2005లో కొలిచి చూపారు. అందుకే అది గాల్లో నిలబడే తాగగలదు. తేనెపిట్ట అలా ఎక్కువసేపు నిలవలేదు, కొమ్మ మీదో కాడ మీదో వాలాలి. దాన్ని పిలిచే పువ్వులకు చాలావరకు వాలడానికి చోటు ఉంటుంది. మోదుగ అందుకు మంచి ఉదాహరణ. అది జార్ఖండ్ రాష్ట్ర పుష్పం. శీతాకాలం వెళ్లగానే జంషెడ్‌పూర్ పక్కనున్న దల్మా కొండల్లో ఆకు రాల్చిన మోదుగలు నిండా పూస్తాయి. ఆ పూల దగ్గరికి పక్షులు రకరకాలు వస్తాయి. కానీ 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో, వచ్చిన పక్షులన్నిటిలో సరిగా పరాగసంపర్కం చేసింది ఊదా తేనెపిట్ట ఒక్కటేనని తేలింది. దానికి తోడు ఉడుత! మైనాలు వచ్చి తేనె తాగిపోయినంత మాత్రాన మోదుగ కాయ కాయదు.

అయితే ప్రతి పువ్వుతోనూ తేనెపిట్ట ఇంత నిజాయితీగా ఉండదు. గొట్టం పొడుగ్గా ఉండి ముక్కు అందకపోతే పువ్వు అడుగున పొడిచి రంధ్రం చేసి తాగేస్తుంది. పుప్పొడి అంటదు, పువ్వుకు ప్రయోజనం దక్కదు. పెరటి మందారాన్ని కాసేపు గమనించండి, రేకుల మొదట్లో సన్నటి గాటు కనబడవచ్చు.

నాలుకలోనూ తేడా ఉంది. హమ్మింగ్‌బర్డ్ నాలుక కొన ద్రవంలో విచ్చుకుని, వెనక్కి లాగుతుండగా మూసుకుని తేనెను పట్టేస్తుంది. ఈ సంగతి 2011లో బయటపడింది. తేనెపిట్ట నాలుక మాత్రం గొట్టంలా చుట్టుకుని ఉంటుంది, దాంతో తేనెను లోపలికి పీల్చుకుంటుందని 2025లో వెలువడిన పరిశోధన చెప్పింది.

శాస్త్ర గ్రంథాల్లోకి ఊదా తేనెపిట్ట 1790లో ఎక్కింది, వర్ణించినది జాన్ లాథమ్. నేటి జంషెడ్‌పూర్ ఉన్న ధల్‌భూమ్ అడవుల పక్షుల జాబితాను శామ్యూల్ టికెల్ అనే సైనికాధికారి 1833లో ప్రచురించాడు. అప్పటికి ఉక్కు కర్మాగారం లేదు, తర్వాత అది వెలసిన సాక్చీ ఒక చిన్న పల్లె. తర్వాత వచ్చిన నగరం గురించి 1902లోనే పారిశ్రామికవేత్త జంషెడ్జీ టాటా తన కొడుక్కి ఉత్తరం రాస్తూ నీడనిచ్చే చెట్లూ, తోటలకు విశాలమైన చోటూ ఉండాలని కోరారు. ఊళ్లో తేనెపిట్టలకు ఆశ్రయం దొరకడంలో ఆ తోటల పాత్ర పెద్దది. తోటలతో వీటి బంధానికి మరో కోణమూ ఉంది. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931లో కొంకణంలో మామిడి తదితర చెట్ల మీద పెరిగే బదనిక వ్యాప్తిలో తేనెపిట్టల పాత్ర గురించి రాశారు. పూలకు మేలు చేసే పిట్టే తోటమాలికి తలనొప్పి అయిన పరాన్నమొక్కకూ తోడ్పడుతుందన్న మాట!

ఊదా తేనెపిట్టల్లో మగపిట్ట రంగు ఏడాదంతా ఒకలా ఉండదు. జతకట్టే కాలంలో నల్లగా, నీలంగా మెరుస్తుంది. ఆ తర్వాత ఈకలు రాల్చి, ఆడపిట్టలాగే పసుపు వన్నెకు మారుతుంది. గొంతు నుంచి పొట్ట దాకా నల్లటి చార మిగులుతుంది. కిటికీ అద్దంలోనో, బండి అద్దంలోనో తన ప్రతిబింబం కనిపిస్తే మరో మగపిట్ట అనుకుని పదే పదే పొడవడం దీని అలవాటు.

గూడు కట్టేది ఆడపిట్టే. సాలెగూటి దారాలతో బెరడు ముక్కలూ, పొడి ఆకులూ, గొంగళిపురుగుల రెట్టలూ అతికి, కొమ్మకు వేలాడే సంచి చేస్తుంది. పక్కన ద్వారం, దానికి చిన్న చూరు. వరండా తీగలకూ ఇది కడుతుంది. దూరం నుంచి గాలికి చిక్కుకున్న చెత్తలా ఉండటం వల్ల శత్రువుల కంట పడదు. కానీ అదే కారణంగా బూజు దులిపే చేతికి బలవుతుంది. రెండు మూడు గుడ్లు పొదగడానికి రెండు వారాలకు పైగా పడుతుంది. పొదిగేది తల్లి ఒక్కతే, పిల్లలు వచ్చాక మగపిట్ట కూడా మేత తెచ్చి పెడుతుంది.