ఒగ్బెచే గోలు, తాండూరు బస్సు

"వాపస్ బస్సు ముచ్చట తేలనియ్. టికెట్ల సంగతి తర్వాత సూద్దాం" అన్నాడు మేనమామ.

2022 అక్టోబరు. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతే కనకమామిడి దగ్గర ఒక పల్లె. ఇంటర్ చదివే మేనకోడలు గచ్చిబౌలి స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆట చూడాలని పట్టు పట్టింది. ఇంట్లో కారు లేదు. మోటారు సైకిల్ ఉంది కానీ, రాత్రిపూట బీజాపూర్ రోడ్డు మీద బండెక్కితే ఊరుకునేది లేదని తల్లి తెగేసి చెప్పింది. రెండు పక్కలా మర్రిచెట్లు, ఇరుకు రోడ్డు, కళ్లలో పొడిచే లారీ లైట్లు. ఆమె భయం ఉత్తది కాదు.

పిల్ల పట్టుకూ కారణం ఉంది. ఆ ఏడాది మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ముందు గోల్ కొట్టింది. 88వ నిమిషంలో హైదరాబాద్ ఆటగాడు సాహిల్ తవోరా లెక్క సరిచేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో కప్పు మనదైంది. అదంతా ఆ పిల్ల ఫోన్లో చూసింది. కరోనా వల్ల రెండు సీజన్లు గోవాలోనే ఆడిన జట్టు, ఛాంపియన్‌గా సొంత జనం ముందుకు రాబోతున్నది అక్టోబరు 22 శనివారం, బెంగళూరు మీద. ఆట ఏడున్నరకు మొదలవుతుంది.

మేనమామ బంతిపూలు పండిస్తాడు. వాటిని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు ఆర్టీసీ బస్సులోనే చేరవేస్తాడు. మెహదీపట్నంలో ఏ బస్సు ఎప్పుడొస్తుందో, ఏ కండక్టర్ సంచులకు గొణుగుతాడో, ఎవరు జాగా చూపిస్తారో అతనికి కంఠతా వచ్చు. అందుకే లెక్క చివరి నుంచి మొదలుపెట్టాడు. తాండూరు పోయే రాత్రి బస్సు మెహదీపట్నంలో దొరకాలి. దానికి ముందు గచ్చిబౌలి నుంచి టోలిచౌకి మీదుగా సిటీ బస్సులో అక్కడికి చేరాలి. దానికీ ముందు స్టేడియం నుంచి రోడ్డు మీదికి నడవాలి.

"ఎనభయ్యో నిమిషానికి లేస్తం. ఒప్పుకుంటే చెప్పు బిడ్డా."

"అట్లనే మామా."

ఇక్కడొక మాట చెప్పాలి. గచ్చిబౌలి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే అప్పా జంక్షన్ చాలా దగ్గర. అక్కడి నుంచి మొయినాబాద్ తిన్నగా వస్తుంది. కారున్నవాడికి ఆ దారి ఉంది. బస్సును నమ్ముకున్నవాడు తూర్పుకు మెహదీపట్నం దాకా పోయి, లంగర్‌హౌజ్ మీదుగా మళ్లీ పడమరకు రావాలి. ఊరి వైపు రావడానికి ముందు ఊరికి దూరంగా పోవాలి. ఆట చూడాలనుకునే పల్లె పిల్లల్ని ఆపేది టికెట్ ధర కన్నా ఈ చుట్టుదారే అని నా గట్టి నమ్మకం.

దీపావళికి ఇంకా రెండు రోజులే. పొద్దున్నే పూల సంచులతో మామ ముందు వెళ్లాడు. సరుకు అమ్ముడుపోయాక కోడలు మెహదీపట్నంలో అతన్ని కలిసింది. వెలుతురు ఉండగానే ఇద్దరూ గచ్చిబౌలి చేరారు. మామ చేతులకు ఇంకా బంతి వాసన. గేటు దగ్గర పసుపు జెర్సీలు చూసి "మన పూల రంగే" అని మురిసిపోయాడు.

మొదటి సగం 0-0. రెండో సగంలోనూ గోల్ లేదు. ఎనభయ్యో నిమిషం రాగానే మామ లేచి నిలబడ్డాడు. కోడలు లేవలేదు.

"మాటిచ్చినవ్ బిడ్డా."

"ఇంకొక్క కార్నర్ మామా, నీ కాల్మొక్త."

మామ తొమ్మిది దాటిన గడియారం వైపు చూశాడు. పిల్ల ముఖం చూశాడు. మెట్ల మీద నిలబడే ఉన్నాడు. 83వ నిమిషంలో బార్తొలొమ్యూ ఒగ్బెచే గోల్ కొట్టాడు. గ్యాలరీ మొత్తం లేచింది. బంతాట గురించి ఏమీ తెలియని ఆ రైతు పక్కనున్న ముక్కూ మొహం తెలియని మనిషిని కావలించుకున్నాడు. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగలేదు. చివరి విజిల్ వాళ్లకు రోడ్డు మీద వినిపించింది. 1-0.

మెహదీపట్నంలో దిగేసరికి తాండూరు బస్సు కదులుతోంది. మామ కేక వేశాడు. కండక్టర్ గొంతు గుర్తుపట్టి బెల్లు కొట్టాడు. "పూలాయన, గింత రాత్రా?"

హైదరాబాద్ ఫుట్‌బాల్ పుట్టిందే కారు లేనివాళ్ల కాళ్ల మీద. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ సాధనకు రావడానికి ఛార్జీలు లేవంటే, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం అద్దె సైకిల్‌కు డబ్బులిచ్చాడు. ఆ కుర్రాడే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడాడు. 1962లో జకార్తాలో ఏషియాడ్ స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. ఆ సైకిల్ అద్దె లెక్క ఇవాళ ఎవరు చూడాలి?

హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అదే ఏడాది నవంబరు 3 పొద్దున, ఇదే బీజాపూర్ రోడ్డు మీద, చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర తాండూరు డిపో బస్సును కంకర టిప్పర్ ఢీకొంది. 19 మంది చనిపోయారు. ఆ వార్త విన్నప్పటి నుంచి మామ డ్రైవర్ వెనక సీట్లో కూర్చోవడం లేదు. బస్సు మాత్రం మానలేదు. మానితే పూలు పోయేదెట్లా?

ఆట మాత్రం ఈ దారి వదల్లేదు. శ్రీనిధి డెక్కన్ జట్టు మైదానం డెక్కన్ అరీనా అజీజ్‌నగర్‌లోనే ఉంది, మామ పూల బస్సు పోయే రూట్లోనే. ఐ-లీగ్‌లో ఆ జట్టు 2022-23లో, 2023-24లో వరుసగా రెండో స్థానంలో నిలిచింది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఆ సీజన్‌లో కోడలు మ్యాచ్‌కు బయల్దేరుతుంటే తల్లి కూడా చీర మార్చుకుని వచ్చింది. కండక్టర్ రెండు జీరో టికెట్లు కొట్టి ఇచ్చాడు. మామ ఒక్కడే పైసలు తీశాడు.